పేరుతో పాటు పరీక్ష కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఈమధ్య ప్రాథమిక తరగతుల పిల్లల కోసం జ్యామితి పదాల పట్టిక వేశారు. బిందువు మొదలుకొని ఘనం దాకా ప్రతి పదానికీ ఒక వాక్యంలో నిర్వచనం, పక్కనే చిన్న బొమ్మ. పూనుకున్న పని మంచిది. మా కోనసీమలో చాలా ఇళ్లలో పాఠ్యపుస్తకం తర్వాత పిల్లల చేతికి అందే అచ్చు కాగితం దినపత్రికే. అందుకే ఆ పట్టిక గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

పదాల్లో తప్పు లేదు. చిక్కంతా బొమ్మలతోనే. త్రిభుజం ఎప్పుడూ అడ్డగీత మీదే కూర్చుంది. చతురస్రం నిటారుగానే నిలబడింది. లంబకోణం కుడివైపుకే తెరుచుకుంది. పిల్లలు నిర్వచనం వల్లిస్తారు గానీ గుర్తుపెట్టుకునేది బొమ్మనే. నాలుగో తరగతి పిల్లలకు చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టి గీసి చూపండి. చాలామంది దాన్ని డైమండ్ అంటారు, చతురస్రం కాదని వాదిస్తారు కూడా. వాళ్ల దృష్టిలో చతురస్రమంటే నిలబడే తీరు. భుజాలు, కోణాలు లెక్కలోకి రావు.

మేం చెప్పదలచింది ఒక్కటే. ప్రతి పదంతో పాటు, ఆ పేరు ఎదుట ఉన్న బొమ్మకు తగునో తగదో పిల్లలు తమ చేత్తో తేల్చుకునే పరీక్ష ఒకటి నేర్పాలి. మడవడం, ఆనించడం, కొలవడం, కాగితం తిప్పి చూడడం, ఇంతకు మించిన పరికరాలు అక్కర్లేదు. ఇప్పుడు మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లలు యాంగిల్ అన్న మాటా వింటున్నారు, కోణం అన్న మాటా వింటున్నారు. పరీక్ష తెలిసిన పిల్లకు ఒకే వస్తువుకు రెండు పేర్లుండడం భారం కాదు. తెలియని పిల్ల ఒక భాషలో పట్టే బట్టీని రెండు భాషల్లో పడుతుంది.

మొదట రేఖ, రేఖాఖండం, కిరణం. పట్టికలో మూడింటికీ ఒకేలాంటి గీత వేసి, రేఖకు బాణం గుర్తులు వదిలేశారు. ఆ గుర్తులే అక్కడ అసలు సంగతి. రెండు వైపులా బాణాలుంటే రేఖ, ఒకవైపే ఉంటే కిరణం, రెండు కొసలా చుక్కలుంటే రేఖాఖండం. పరీక్ష తేలిక: 'దీని పొడవు కొలవగలమా?' అని అడగాలి. కొలవగలిగేది రేఖాఖండం ఒక్కటే. 'ఎ దగ్గర మొదలై బి మీదుగా పోయే కిరణం, బి దగ్గర మొదలై ఎ మీదుగా పోయే కిరణం ఒకటేనా?' అన్న ప్రశ్న కూడా ఇక్కడే వేయాలి. కాదు, మొదలు మారింది, దిక్కు మారింది.

రేఖాఖండం కొలిచేటప్పుడు స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య ఖాళీ ఉన్న సంగతి పిల్లలు గమనించరు. ప్లాస్టిక్ స్కేళ్లలో చాలావాటికి ఆ ఖాళీ ఉంటుంది. కొందరు 1 దగ్గర మొదలుపెడతారు, రెండో కొస 8 దగ్గరకొస్తే పొడవు 8 సెంటీమీటర్లు అని రాస్తారు. అది 7. వాళ్లు లెక్కపెట్టింది గీతల్ని, లెక్కపెట్టాల్సింది గీతల మధ్య ఎడాల్ని. దీనికి మంచి మందు విరిగిన స్కేలు. 3 నుంచి మొదలయ్యే ముక్క ఇచ్చి కొలవమంటే తీసివేత తప్పదు, విషయం తలకెక్కుతుంది.

కోణం దగ్గర తప్పు ఇంకా లోతైనది. భుజాలు పొడుగ్గా ఉంటే కోణం పెద్దదని పిల్లలు నమ్ముతారు. కంటికి ముందు కనిపించేది గీతల పొడవు, వాటి మధ్య చోటు. కోణమంటే ఒక భుజం మీంచి రెండో భుజం మీదికి చేరడానికి ఎంత తిరగాలో ఆ తిరుగుడు. రెండు కొబ్బరి ఈనెలు తీసుకుని ఒక కొస దగ్గర సైకిల్ వాల్వు ట్యూబు ముక్కతో కలపండి. కాస్త తెరిచి కాగితం మీద పెట్టి ఆ కోణం గీయించండి. తర్వాత ఈనెల్ని కదపకుండా సగానికి తుంచేసి, మళ్లీ ఆ గీతల మీదే పెట్టించండి. సరిగ్గా సరిపోతాయి. పొడవు తగ్గింది, కోణం తగ్గలేదు.

లంబకోణం పరీక్షకు పాత పేపరు ముక్క చాలు, అంచులు చిరిగి ఉన్నా ఫరవాలేదు. ఒకసారి మడవాలి, మడత తిన్నని గీత అవుతుంది. ఆ మడత గీత తన మీదే సరిగ్గా పడేలా రెండోసారి మడవాలి. రెండు మడతలు కలిసిన మూల లంబకోణం. తిన్నని గీత దగ్గరి 180 డిగ్రీలు రెండు సమభాగాలయ్యాయి కాబట్టి 90. వెంటనే ఆ మూలకు పెన్నుతో గుర్తు పెట్టించాలి, లేకపోతే చిరిగిన మూలను పెట్టి కొలుస్తారు. ఈ మూలను ఏ కోణంలోనైనా ఇమిడ్చి చూస్తే సరిగ్గా పడితే లంబకోణం, కోణం దీనికంటే ఇరుకైతే అల్పకోణం, దీన్ని దాటి తెరుచుకుంటే అధికకోణం. తలుపు మూల, పలక మూల, కిటికీ చువ్వలు, నాగలి, మెట్లు, చూపించడానికి ఇంటినిండా ఉన్నాయి.

ఈ మడత మూలతో తేల్చిన తర్వాతే కోణమానిని (ప్రొట్రాక్టర్) చేతికివ్వాలి. దాని మీద రెండు వరసల అంకెలుంటాయి. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి. 60 డిగ్రీల కోణాన్ని 120 అని చదవడం అందుకే. లంబకోణం కంటే చిన్నదని ముందే తెలిసిన పిల్ల 120 అని రాయదు. రెండో పొరపాటు కోణమానిని కింది అంచును భుజం మీద పెట్టడం. చాలా కోణమానినుల్లో ఆధార గీత అంచుకు కొంచెం పైన ఉంటుంది. ఆ గీత భుజం మీద పడాలి, మధ్య గుర్తు శీర్షం (భుజాలు కలిసే మూల) మీద పడాలి, భుజం ఏ వరసలో సున్నా మీద ఉందో ఆ వరసలోనే చదవాలి. భుజం పొట్టిగా ఉండి అంకెల దాకా రాకపోతే స్కేలుతో పొడిగించుకోవచ్చు. పొడిగిస్తే కోణం మారిపోతుందని భయపడేవాళ్లకు ఈనెల సంగతి గుర్తు చేస్తే చాలు.

గడియారంతో కోణాలు చెప్పేవాళ్లకు ఒక జాగ్రత్త. మూడు గంటలకు ముళ్ల మధ్య 90 డిగ్రీలు, ఐదు గంటలకు 150. మూడున్నరకు ఎంత అంటే పిల్లలు మళ్లీ 90 అంటారు. అరగంటలో చిన్నముల్లు మూడు, నాలుగు అంకెల మధ్యకు జరిగింది, కాబట్టి 75. పుస్తకాల బొమ్మల్లో చిన్నముల్లు 3 మీదే ఉంచి మూడున్నర అని వేయడం వల్ల ఈ తప్పు పాతుకుపోతోంది.

ఇక పట్టికలో మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టినది లంబరేఖల బొమ్మ: ఒక అడ్డగీత, దాని మీద నిలువుగీత. పిల్లలు దీన్నుంచి 'లంబం అంటే నిలువు' అని నేర్చుకుంటారు. నిలువు, అడ్డం అనేవి నేలను బట్టి చెప్పేవి, ఒక్క గీతకు కూడా చెప్పొచ్చు. లంబం, సమాంతరం అనేవి రెండు గీతల మధ్య సంబంధం, ఒక్క గీతను చూపించి 'ఇది లంబరేఖ' అంటే ఆ మాటకు అర్థం లేదు. ఏటవాలు గీతల జతలు నాలుగైదు వేసి, మడత మూల పెట్టి ఏవి లంబాలో తేల్చమనండి.

సమాంతరానికి 'ఎంత పొడిగించినా కలవవు' అన్న నిర్వచనం పిల్లల చేతికి అందదు, ఎంత పొడిగించి చూస్తారు? ఒక గీత మీద మడత మూల పెట్టి రెండో గీతకు దూరం కొలవాలి. బాగా ఎడంగా ఉన్న రెండు చోట్ల అలా కొలిస్తే దూరం ఒకటే రావాలి. కొలిచేది ఏటవాలుగా కాక లంబంగానే అన్నది ముఖ్యం. 'కలవవు' అన్న ఒక్క మాటా చాలదని చెప్పడానికి మనకు మంచి ఉదాహరణ పి.గన్నవరంలో ఉంది. డొక్కా సీతమ్మ అక్విడక్టు మీద కాలువ పోతుంది, కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంది. రెండూ అక్కడ కలవవు. అయినా ఎవరూ వాటిని సమాంతరం అనరు, అవి ఒకే తలంలో లేవు, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతున్నాయి. నిర్వచనంలో 'ఒకే తలంలో ఉన్న' అన్న మాటలు పట్టికలో ఎగిరిపోయాయి. వచ్చేసారి చేర్చండి.

త్రిభుజాలకు మళ్లీ ఈనెలే. మొదలు వైపు గట్టి భాగం తీసుకోవాలి, కొసలు వంగిపోతాయి. వాల్వు ట్యూబు ముక్కలతో మూలలు కలిపితే మూల దగ్గర కాస్త పొడవు పెరుగుతుంది, అందుకని మూల నుంచి మూలకు కొలిచి సరిచూసుకోవాలి. 3, 4, 8 సెంటీమీటర్ల ఈనెలతో త్రిభుజం చేయమంటే మూసుకోదు. 3, 4, 7 అయితే చదునుగా పడుకుంటుంది. ఏ రెండు భుజాలు కలిపినా మూడోదాని కంటే ఎక్కువ ఉండాలన్న నియమం ఎవరూ చెప్పక్కర్లేకుండా వాళ్లే చెబుతారు. 9, 12, 15 తీసుకుంటే ఒక మూల మడత మూలకు సరిపోతుంది. భుజాలను బట్టి పెట్టే పేర్లు వేరు, కోణాలను బట్టి పెట్టే పేర్లు వేరు, ఒకే త్రిభుజానికి రెండూ ఉంటాయి. చతురస్రాకారపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే వచ్చేది సమద్విబాహు త్రిభుజమూ, లంబకోణ త్రిభుజమూ కూడా. పట్టికలో ఆరు త్రిభుజాలు ఆరు రకాలన్నట్టు వేశారు, పిల్లలు ఒక్కోదానికి ఒకటే పేరనుకుంటారు.

ఈనెల త్రిభుజాన్ని పక్కకు నొక్కితే కదలదు. నాలుగు ఈనెల చట్రాన్ని నొక్కితే ఒరిగిపోతుంది. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య రోడ్డు కం రైలు వంతెన మీద పోతున్నప్పుడు ఆ ఉక్కు చట్రమంతా త్రిభుజాలెందుకున్నాయో పిల్లలకు ఇక్కడ చెప్పొచ్చు.

ఆ ఒరిగిన చట్రం దగ్గరే చతుర్భుజాల పాఠం మొదలవ్వాలి. నాలుగు సమానమైన ఈనెలతో చతురస్రం చేసి మెల్లగా నొక్కండి. భుజాలు అవే, పొడవులు అవే, కానీ చతురస్రం పోయింది, సమచతుర్భుజం మిగిలింది. భుజాలు సమానమైతే చాలదని, కోణాలూ చూడాలని కంటికి కనబడుతుంది. అదే చట్రాన్ని నొక్కకుండా కాగితం మీద అటూ ఇటూ తిప్పితే, ఎలా తిప్పినా అది చతురస్రమే. ఈ రెండు పనులూ పక్కపక్కనే చేయిస్తే డైమండ్ గొడవ పోతుంది. చుక్కల ముగ్గు తెలిసిన పిల్లలకు ఇంకో దారి ఉంది. నాలుగు వరసలు, వరసకు నాలుగు చుక్కలు పెట్టి, కింది వరసలో రెండో చుక్క దగ్గర మొదలవ్వాలి. కుడికి 2, పైకి 1 జరిగి గీత. అక్కడి నుంచి ఎడమకు 1, పైకి 2. తర్వాత ఎడమకు 2, కిందికి 1. చివరికి కుడికి 1, కిందికి 2. మొదలుపెట్టిన చుక్కకే వస్తారు. ఒరిగిన చతురస్రం తయారవుతుంది. మడత మూల పెట్టి నాలుగు మూలలూ చూసుకోవచ్చు.

దీర్ఘచతురస్రం పరీక్ష మన తాపీ మేస్త్రీలకు బాగా తెలుసు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఎదురెదురు భుజాలు సరిపోయాయని ఊరుకోరు, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలుస్తారు. 30 అడుగులు, 40 అడుగుల స్థలంలో రెండు కర్ణాలూ 50 అడుగులు రావాలి. ఒకటి 51, ఇంకోటి సుమారు 49 వస్తే భుజాలు సరిగ్గానే ఉన్నా అది సమాంతర చతుర్భుజం. మూల రెండు డిగ్రీల పైచిలుకు మాత్రమే తప్పింది, కంటికి ఆనదు, గచ్చు రాళ్లు పరిచేటప్పుడు బయటపడుతుంది. బడి ఆవరణలో నాలుగు మేకులూ తాడూ ఇచ్చి పిల్లల చేత ఈ పని చేయిస్తే కర్ణం అన్న మాట ఎప్పటికీ మరచిపోరు.

చుట్టుకొలత, వైశాల్యం గురించి ఇంకొంచెం చోటు కావాలి, మా ప్రాంతంలో అది పొలం లెక్క కూడా కాబట్టి. పట్టికలో రెంటికీ ఒకే దీర్ఘచతురస్రం బొమ్మ వేసి ఊరుకున్నారు. కంచెకు కావలసింది చుట్టుకొలత, నాట్లకు కావలసింది వైశాల్యం. 40 మీటర్లు, 40 మీటర్ల మడికీ, 70 మీటర్లు, 10 మీటర్ల మడికీ చుట్టుకొలత 160 మీటర్లే. వైశాల్యం మొదటిదానికి 1600 చదరపు మీటర్లు, రెండోదానికి 700. కంచె ఒకటే, పంట సగం కంటే తక్కువ. గళ్ల కాగితం మీద చుట్టుకొలత 20 గళ్ల అంచులు వచ్చే దీర్ఘచతురస్రాలన్నీ గీయించి, లోపలి గళ్లు లెక్కపెట్టిస్తే 9 నుంచి 25 దాకా వస్తాయి. జవాబు పక్కన మీటర్లా, చదరపు మీటర్లా అన్నది తప్పకుండా రాయించాలి, అది రాయనప్పుడే రెండూ కలగలుస్తాయి.

ఇంకో తప్పు పెద్దవాళ్లలోనూ ఉంది. మడి నాలుగు గట్లూ కొలిచి, ఎదురెదురు గట్ల సగటులు రెండూ గుణించి వైశాల్యం చెప్పేస్తారు. మూలలన్నీ లంబకోణాలైతేనే అది సరైన లెక్క. మురుగు కాలువ ఏటవాలుగా పోయి మడి ఒరిగి ఉంటే లెక్క ఎక్కువ చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. నాలుగు గట్లూ 50 మీటర్లున్న మడిలో ఎదురెదురు గట్ల మధ్య లంబ దూరం 40 మీటర్లే అనుకోండి. గట్లు గుణిస్తే 2500 చదరపు మీటర్లు, నిజానికి ఉన్నది 2000. తేడా 500 చదరపు మీటర్లు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే దాదాపు 40.5 చదరపు మీటర్లు కాబట్టి పన్నెండు సెంట్లకు పైనే. క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఈ సగటుల లెక్కను స్థూలమనే చెప్పి, సూక్ష్మమైన లెక్క వేరుగా ఇచ్చాడు. పిల్లలకు చెప్పాల్సింది ఎత్తు అన్న మాట. ఎత్తంటే ఏటవాలు భుజం కాదు, ఎదురు భుజానికి లంబంగా ఉన్న దూరం. మడి ఎంత వంకరగా ఉన్నా కర్ణం మీద తాడు లాగి రెండు త్రిభుజాలు చేసి, మిగిలిన రెండు మూలల నుంచి ఆ తాడుకు లంబ దూరాలు కొలిస్తే చాలు. తాడు పొడవును ఆ రెండు దూరాల మొత్తంతో గుణించి సగం చేయాలి. మడి మూల లోపలికి గుంజుకుపోయినట్టు ఉంటే మాత్రం కర్ణం మడి లోపలినుంచే పోయేలా ఎంచుకోవాలి.

వృత్తం సంగతి క్లుప్తంగా. కేంద్రం వృత్తం మీద ఉండదు, లోపల ఉంటుంది. వృత్తం మీద రెండు చోట్లను కలిపే గీత ఏదైనా జ్యా, కేంద్రం గుండా పోయేదే వ్యాసం, జ్యాలన్నిటిలో పొడుగైనది అదే. 7 సెంటీమీటర్ల వ్యాసంతో గీయమంటే పిల్లలు వృత్తలేఖినిని (కంపాస్‌ను) 7 దగ్గర తెరుస్తారు, తెరవాల్సింది 3.5. పళ్లెం చుట్టూ గీసి కత్తిరించిన కాగితాన్ని అంచుకు అంచు కలిపి రెండుసార్లు వేర్వేరుగా మడిస్తే మడతలు రెండూ వ్యాసాలే, కలిసిన చోటు కేంద్రం. చుట్టుకొలతకు దారం సాగుతుంది, సన్నని కాగితపు పట్టీ వాడాలి. 14 సెంటీమీటర్ల మూతకు దాదాపు 44 వస్తుంది. ప్రాథమిక తరగతులకు వ్యాసానికి మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువని తెలిస్తే చాలు.

ఘనాకారాల్లో ఒక్క మాట: అగ్గిపెట్టెను దీర్ఘచతురస్రం అనడం మాన్పించాలి. దీర్ఘచతురస్రం దాని ముఖం, అగ్గిపెట్టె దీర్ఘఘనం. ఇటుక మీద సుద్దతో అంకెలు వేయిస్తూ 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు లెక్కపెట్టిస్తే సరిపోతుంది.

చివరగా, ముద్రణ గురించి ఒక విన్నపం. కాలమ్ వెడల్పుకు సరిపెట్టడానికి బొమ్మను ఒకవైపే లాగారు. వృత్తం కోడిగుడ్డులా సాగింది. చతురస్రం దీర్ఘచతురస్రమైంది. 60 డిగ్రీలని రాసిన కోణాన్ని కోణమానినితో కొలిస్తే 60 రావడం లేదు. పిల్లల చేత కొలిపించాలంటే బొమ్మను రెండు వైపులా ఒకే పాళ్లలో పెంచాలి, తగ్గించాలి. మళ్లీ వేసేటప్పుడు ఒక్కో వారం రెండు మూడు పదాలే తీసుకోండి. ప్రతి పదానికీ వేర్వేరు దిక్కులకు తిప్పిన బొమ్మలు నాలుగు, ఆ పేరు తగని బొమ్మలు రెండు, కింద పరీక్ష ఒక వాక్యంలో వేయండి. సెంటీమీటరు ఎడంతో చుక్కలు అచ్చువేసిన చోటు కొంత వదలండి. పేజీ అడుగున 10 సెంటీమీటర్ల రేఖాఖండం అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసి, రెండూ స్కేలుతో కొలిచి సరిచూసుకోమని రాయండి. అచ్చులో బొమ్మ సాగిందో లేదో ఏ పిల్లయినా కొలిచి చెప్పగలదు.

ఇట్లు,
ప్రాథమిక తరగతులకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు,
కోనసీమ